ఒంటికి కళ వచ్చిన నాలుగు నెలలు

రెండో సంచి రక్తంలో సగం ఒంట్లోకి పోయింది. మిగతా సగానికి ఇంకో గంట పడుతుందని నర్సు చెప్పింది. ఆ గంటలోగా బాగా ఆలోచించుకుని ఏదో ఒకటి తేల్చి చెప్పమని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. ఆలోచించడానికైనా తలలో కాస్త రక్తం ఉండాలి కదా అనుకుంది ఆమె, వెల్లకిలా పడుకుని, కొక్కేనికి వేలాడుతున్న సంచి వంక చూస్తూ. గొట్టం మధ్యలో బొటనవేలంత బుడ్డి ఉంది. అందులో ఒక్కో చుక్క తొందరేమీ లేనట్టు తయారై, బరువెక్కి, జారిపడుతోంది. ఎవరి రక్తమో. ఏ లారీ డ్రైవరుదో, ఏ కాలేజీ పిల్లదో. ఇచ్చి, రెండు బిస్కెట్లు తిని, మోచేతి మడతలో దూది అదుముకుని వెళ్లిపోయి ఉంటారు. వాళ్లు ఒకరికి పనికొచ్చేలా ఇచ్చారు, తను ఎవరికీ పనికిరాకుండా మూడు నెలలు పారబోసుకుంది. చల్లగా ఉంది ఆ రక్తం, మోచేయి నుంచి భుజం దాకా చర్మం కింద చన్నీళ్లు పారుతున్నట్టుంది. చన్నీళ్లు. రక్తం మరకకి చన్నీళ్లే పోయాలి, వేణ్నీళ్లు పోశారో అది ఉడికి గుడ్డని పట్టేస్తుంది, ఇక ఏ సోడా వేసినా వదలదు: లాండ్రీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటిరోజు తను చెప్పే పాఠం అదే. పద్నాలుగేళ్లుగా ఇదే ఆసుపత్రి, ఇదే లాండ్రీ, ముందు ఉతికే గదిలో, తర్వాత ఇస్త్రీ గదిలో. పురుళ్ల వార్డువి, ఆపరేషన్ గదివి, యాక్సిడెంటు కేసులవి, ఊరందరి రక్తమూ ఈ చేతుల కిందే పోయింది. ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదు. తన రక్తం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగల్లేదు.

నిన్న పొద్దున ఇస్త్రీ రోలరు నుంచి బయటికొస్తున్న దుప్పటి అంచు అందుకోబోతే అంచు రెండుగా కనిపించింది. ఏది పట్టుకోవాలో తేల్చుకునేలోపే నేల లేచి వచ్చి చెంపకి తగిలింది. ఆ తర్వాత ఆవిరమ్మ కేకలు. ఆవిరమ్మ అంటే లాండ్రీ పెద్ద. బాయిలరు కన్నా ముందే ఈమెకి కాక పుడుతుందని పిల్లలు పెట్టిన పేరు, అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. "స్ట్రెచర్ వచ్చేదాకా దీని ప్రాణం ఆగుతుందా? ఆ బండి ఇటు తోయండే!" అని అరిచింది. మాసిన బట్టలు మోసే బండిలో ఆమెను కుదేసి, వరండాలన్నీ తోసుకుంటూ అత్యవసరం గదికి తీసుకొచ్చారు. బండి చక్రమొకటి కీచుమంటోంది, నూనె వేయించాలి అనుకుంది, అంతే గుర్తు. పన్నెండు ఉండాల్సిన రక్తం నాలుగున్నర ఉందట. "ఈ ఒంటితో డ్యూటీకి ఎలా వచ్చావమ్మా? నడిచే వచ్చావా?" అని డాక్టరమ్మ నోరు తెరిచింది. నడిచే వచ్చింది. దారిలో మూడుచోట్ల ఆగి, చెప్పులో రాయి పడ్డట్టు వంగి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ నడిచింది. "మరి మాత్రలు ఎందుకు మానేశావు?" ఆ ప్రశ్నకి మాత్రం, "నాకు పడలేదు మేడమ్" అంది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

పడకపోవడమా. అంతగా పడిన మందు జన్మలో లేదు. ఏడు నెలల కిందట ఇదే డాక్టరమ్మ గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు, బల్ల మీద మరక అవుతుందేమోనని అంచు మీద కూర్చుంది, లేస్తే వెనక్కి తిరిగి చూసుకుంది. అప్పటికి రెండేళ్లుగా అదే బతుకు. నెలకి పది రోజులు, పన్నెండు రోజులు, గడ్డలు గడ్డలుగా పోవడం, నడుములో ఎవరో మోకాలు పెట్టి తొక్కుతున్నట్టు నొప్పి, ముదురు రంగు బట్టలు తప్ప కట్టకపోవడం, రోలరు దగ్గర నిలబడి గడియారం చూసుకోవడం, గంటకోసారి బాత్రూముకి పరుగెత్తుతుంటే పిల్లలు ముసిముసిగా నవ్వుకోవడం. నలభై దాటితే ఇంతే, అందరికీ ఉండేదే అనుకుంది. ఆవిరమ్మే జబ్బ పట్టుకుని లాక్కొచ్చింది. స్కానింగు తీశారు, లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపారు, చెడ్డదేమీ లేదు, గర్భసంచి గోడ ఉబ్బిందంతే అన్నారు. డాక్టరమ్మ చీటీ రాసింది. మందుల కిటికీలో ఇచ్చిన అట్టపెట్టె మీద అక్షరాలు కూడబలుక్కుని చదివి, తేలు కుట్టినట్టు వెనక్కి వచ్చింది. "మేడమ్, ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి కదా? మొగుడు పోయి తొమ్మిదేళ్లయినదాన్ని, నాకెందుకివి?"

డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. "కూర్చో ముందు. పెట్టె మీద రాసింది దీని పనుల్లో ఒక పని. నీకు కావాల్సింది ఆ పని కాదు. నెలనెలా లోపల ఒక పొర పెరిగి ఊడిపోతుంది చూడు, అదే రక్తం. ఈ మాత్ర ఆ పొరని మందంగా పెరగనివ్వదు. పొర పల్చగా ఉంటే రక్తం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, పోయిన రక్తం మళ్లీ ఊరుతుంది. ఇందాక నీ ముందు వెళ్లిన పిల్లని చూశావా, మొహం నిండా మొటిమలు, నెలకోసారి రావాల్సింది నాలుగు నెలలకోసారి వస్తోంది. దానికీ ఇదే రాశాను. ఏళ్ల తరబడి వాడినవాళ్లకి అండాశయం క్యాన్సరు, గర్భసంచి పొర క్యాన్సరు వచ్చే ముప్పు కూడా తగ్గుతుంది." "అయితే సర్వరోగాలకీ ఇదేనా మేడమ్?" "అంత లేదు. సిగరెట్లు తాగేవాళ్లకీ, బీపీ ఉన్నవాళ్లకీ నేను ఇవ్వను. నీ బీపీ చూశాను, బాగుంది. పిక్క వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పొచ్చినా ఆ పూటే పరుగెత్తుకుని రా. పేరుకి భయపడకు." పేరుకి భయపడకు అంది ఆ మహాతల్లి. పేరు కాక ఇంకేముంది ఈ లోకంలో భయపడటానికి.

చుక్క, చుక్క. పక్క మంచం ముసలమ్మ నిద్రలో ఎవరినో తిడుతోంది. కిటికీ అవతల సైకిల్ స్టాండులో ఎవరో బెల్లు ఆపకుండా కొడుతున్నారు. నాలుగు నెలలు. ఆ మాత్రలు వేసుకున్నది అంతే. మొదటి నెల కాస్త వికారం, కాస్త తలనొప్పి. రెండో నెలకి పదకొండు రోజులు నాలుగయ్యాయి. మూడో నెలకి ఇస్త్రీ గది మెట్లు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి చూసింది, మరిచిపోయింది ఆయాసం. రాత్రి పడుకుంటే పొద్దునే మెలకువ వచ్చేది. అన్నం రుచి తెలిసింది. డ్యూటీ నుంచి వచ్చాక కూడా ఒంట్లో కాస్త ఓపిక మిగిలేది, ఆ ఓపికతో ఏం చెయ్యాలో తెలియక సాయంత్రాలు కాలువ గట్టు దాకా నడిచి వచ్చేది. వంట చేస్తూ కూనిరాగం తీసేది. బట్టల దుకాణంలో లేత గులాబీ రంగు గుడ్డ చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టి, కొనేసింది, కుట్టించుకుని వేసుకున్న రోజు ఆవిరమ్మ దూరం నుంచే, "ఏమే, మొహంలో దీపం పెట్టినట్టుంది, ఏంటి సంగతి?" అని అరిచింది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. నిజంగానే కళ వచ్చింది. అద్దంలో చూసుకుంటే పెదాలకి రంగుంది. ఆ కళే కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు.

కొడుకుది లిఫ్టులు బాగుచేసే పని. పెద్ద పెద్ద భవనాల్లో, గోడల మధ్య చీకటి గొయ్యిలోకి దిగి, బ్యాటరీ లైటు పట్టుకుని ఇనప తాడు జానెడు జానెడు తడిమి చూస్తాడు. ఒక్క పోగు తెగినా వేళ్లకి తెలుస్తుందట. ఇరవై మూడేళ్లవాడు, మాట తక్కువ, మంచివాడు. మంచివాడు కాడని ఎలా అంటుంది? మొదటి జీతంతో, రోజంతా నిలబడతావు కదమ్మా అని మెత్తటి అట్టలున్న బూట్లు తెచ్చాడు. అలాంటివాడు ఇంట్లో తెగిన పోగులన్నీ వరసగా తడుముకుంటూ వచ్చాడు. లేత గులాబీ బట్టలు. సాయంత్రం నడకలు. కూనిరాగం. పెదాల రంగు. తొమ్మిదేళ్లుగా లేనివి ఇప్పుడెందుకు వచ్చాయి? ఆపైన ఒక ఆదివారం తలనొప్పి మాత్ర కోసం వంటింటి డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఆమె స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చేసరికి మాత్రల అట్ట భోజనాల బల్ల మీద ఉంది, ఆమె కంచం పక్కన, చెంచా పెట్టినట్టు తిన్నగా. వాడి చేతిలో ఫోను వెలుగుతోంది. "ఇవి నీవేనా?" అన్నాడు. "ఆ" అంది. "నాన్న పోయి తొమ్మిదేళ్లు" అన్నాడు. అంతే. కేకలు లేవు, కంచం విసరలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. విసిరినా బాగుండేది, ముక్కలు ఏరుకుంటూ ఏదో ఒకటి చెప్పేది.

ఎందుకు చెప్పలేదు? ఈ మూడు నెలల్లో వెయ్యిసార్లు అడుక్కుంది. రక్తం ఎక్కువ పోతోందిరా, దానికి మందురా: ఐదారు మాటలు. లాండ్రీలో రోజుకి నూరుసార్లు రక్తం రక్తం అంటుంది, ఇంట్లో గడప దాటాక ఆ మాట నోట్లో ముల్లు. వాడికి ఎనిమిదేళ్లప్పుడు పక్క మీద మరక చూసి, "అమ్మా, దెబ్బ తగిలిందా?" అని ఏడుపు మొహం పెట్టాడు. లేదురా, ఎర్ర సిరా ఒలికింది అని చెప్పింది. ఇంట్లో సిరాబుడ్డి ఉంటే కదా. వాడు ఆ పూటంతా సిరాబుడ్డి కోసం వెతికాడు. గుడ్డలు వాడి కంట పడకుండా ఉతికింది, వాడు లేనప్పుడు ఆరేసింది, నొప్పొస్తే అరగలేదంది, నడవలేకపోతే కాలు బెణికిందంది. వాడికి ఆడదాని ఒంటి గురించి తెలియకపోతే తప్పెవరిది? పెంచింది ఎవరు? పదిహేనేళ్లు సిరా అని చెప్పి, ఇవాళ ఉన్నట్టుండి రక్తంరా అంటే వాడెందుకు నమ్మాలి? ఆవిరమ్మ అంది, "నేను చెప్తానే మీవాడికి, చెవి మెలేసి మరీ చెప్తాను." వద్దంది, చేతులు పట్టుకుని వద్దంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఈ సంగతి బయటి మనిషి నోట విన్నాడంటే, కొడుకు నన్ను అనుమానించాడని తనే ఊరంతా టముకు వేసినట్టు. వాడి పరువు కాపాడింది. తన కొడుకు తల్లిని అలా అనుకునేవాడు కాదని పదిమంది అనుకోవాలనే వద్దంది. మాత్రల అట్టనేమో ఆ ఆదివారం రాత్రే చెత్తబుట్టలో, పైకి కనబడేలా పడేసింది. మానేశాను చూడు అన్నట్టు. మానేయడమంటే తప్పు ఒప్పుకోవడమేనని పడేశాక గాని తట్టలేదు.

అప్పటి నుంచి గోరుచుట్టు మీద రోకలిపోటే. ఆగిన రక్తం వడ్డీతో సహా వచ్చింది. మొదటి నెల తొమ్మిది రోజులు, రెండో నెల పదహారు, మూడో నెల మొదలైందే గాని ఆగలేదు. వాడు కంచంలో వడ్డించింది తినేవాడు, గిన్నె కడిగి బోర్లించేవాడు, తలుపు దగ్గరికేసేవాడు. ఆమె సాయంత్రం నడకలు మానేసింది, గులాబీ బట్టలు అడుగున పెట్టేసింది, పాట దానంతటదే పోయింది. చిత్రమేంటంటే వాడు తేరుకున్నాడు. తల్లి మొహం పాలిపోతున్నకొద్దీ వాడి మొహం కుదుటపడింది. ఆ వచ్చినవాడెవడో పోయాడని అనుకున్నాడు కాబోలు. ఒకరోజు మెట్ల మీద కూలబడితే చెయ్యందించి లేపాడు కూడా, మెత్తగానే లేపాడు, దుఃఖంలో ఉన్న మనిషిని లేపినట్టు. ఆ జాలి చూసి ఆమెకి చచ్చిపోవాలనిపించింది. చచ్చిపోవడమంటే ఏమీ కాదు, రోలరు దగ్గర నిలబడినట్టే, కాసేపు నిలబడితే అదే వస్తుంది అనుకుని నిలబడింది. నిన్న దాదాపు వచ్చింది కూడా. ఆ బండే తొందరపడింది.

సంచి అడుగుకి వచ్చింది. డాక్టరమ్మ చెప్పినవి మూడు. ఒకటి, అవే మాత్రలు మళ్లీ మొదలుపెట్టడం, "నీకు బాగా పనిచేశాయి, అదే నా మాట." రెండు, లోపల ఒక చిన్న లూపు పెట్టడం, అందులోంచి మందు కొద్దికొద్దిగా వదులుతుంది, ఐదేళ్లు ఉంటుంది, ఎవరికీ కనపడదు. మూడు, గర్భసంచి తీసేయడం. "అది పెద్ద ఆపరేషను. నీ రక్తం పదికి వచ్చాక గాని ముట్టుకోను. ముందు రెంటిలో ఒకటి కుదిరేటప్పుడు దాని జోలికెందుకు?" ఎవరికీ కనపడదు అన్నప్పుడు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కాని కేసు కాగితంలో రాస్తారు, ఇంటికెళ్లేటప్పుడు ఇచ్చే చీటీలో రాస్తారు, వాడు ఫోనులో కొడితే లూపు అంటే ఏం వస్తుంది? అదే వస్తుంది. మళ్లీ కళ వస్తుంది. మళ్లీ మెట్లు ఎక్కగలుగుతుంది, మళ్లీ ఎప్పుడో పొయ్యి దగ్గర తెలియకుండా పాట వచ్చేస్తుంది, వాడు తలుపు అవతల నిలబడి వింటాడు. ఒంట్లో బాగుండటమే దొంగసొమ్ములా దాచుకోవాలి ఇక. దాని కంటే...

తలుపు తెరుచుకుంది. కొడుకు. పని బట్టల మీదే వచ్చాడు, మోచేతులకి గ్రీజు. చేతిలో ఫ్లాస్కు. స్టూలు లాక్కుని కూర్చుని, టీ మూతలోకి ఒంపి, ఊది, ఆమె తల కింద చెయ్యి పెట్టి తాగించాడు. రెండు గుక్కలు తాగింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదు అనుకుంది. నాలుక మీద టీ వెచ్చదనం ఉండగానే చెప్పేయాలి.

"ఒరేయ్, ఆ మాత్రలు... రక్తం ఆగడానికిరా. నాకు చాన్నాళ్లుగా ఎక్కువ పోతోంది. డాక్టరమ్మే రాసిచ్చింది."

చెప్పేసింది. పదిహేనేళ్ల ముల్లు ఊడి బయటపడింది. వాడు మూత బిగించాడు. చాలాసేపు బిగించాడు.

"రక్తం ఆగడానికి వేరే మందులే లేవా?" అన్నాడు మెల్లగా. "నేను చదివానమ్మా. ఎందుకు వాడతారో పెట్టె మీదే రాసుంది. నాకేం చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పకు."

"కావాలంటే డాక్టరమ్మని అడుగు."

"నువ్విక్కడ పద్నాలుగేళ్లుగా చేస్తున్నావు. నీ తరఫున మాట్లాడరా వాళ్లు?" పక్క మంచం వైపు చూసి ఇంకా గొంతు తగ్గించాడు. కళ్లలో నీళ్లున్నాయి, నిజంగా ఉన్నాయి. "నిన్న ఫోన్ వచ్చినప్పుడు చచ్చిపోయావనే అనుకున్నాను. దారంతా ఒకటే మొక్కుకున్నా, అమ్మ బతికితే చాలు, ఏం చేసినా సరే అని. నాకేం కోపం లేదు ఇప్పుడు. ఎవరో చెప్పు, చాలు. నేనేం గొడవ చెయ్యను. మామయ్యకి కూడా చెప్పను."

ఎవరో. ఆమె కళ్లు మూసుకుంది. వాడి మనసు అంతగా కరిగి ఉండగా ఉత్త చేతులతో పంపడం ఎలా అని, ఒక్క పేరు దొరికితే చెప్పేద్దామని, నిజంగానే వెతికింది. బాయిలరు మనిషి ఒకసారి కూర్చోమని స్టూలు తెచ్చి వేశాడు, ఆరేళ్ల కిందట. తర్వాత బదిలీ అయిపోయాడు. కాలువ గట్టున చేపలు పట్టే పెద్దాయన రోజూ తల ఊపేవాడు. బట్టల దుకాణంలో ఆ రంగు మీకు నప్పుతుందండీ అన్నవాడు ఒకడు, వాడు అందరితోనూ అంటాడు. ఇంకా లోపలికి వెళ్లింది, ఇంకా వెనక్కి. తొమ్మిదేళ్లు, ఒక్కో గది తలుపూ తీసుకుంటూ వెళ్లింది. ఎక్కడా మనిషి లేడు. చెయ్యి పట్టుకున్నవాడు లేడు, తిన్నావా అని అడిగినవాడు లేడు, అబద్ధానికి కూడా నిలబెట్టుకోవడానికి ఒక్కడు లేడు.

"ఎవరూ లేర్రా" అంది. వాడికి జవాబుగానే అంది. కాని ఆ మాట తన గొంతులోంచి బయటికొచ్చి చెవిన పడ్డాక, ఇంత కాలం ఎవరూ తనకి చెప్పని కబురేదో విన్నట్టయి, కణతల మీదుగా నీళ్లు జారి చెవుల్లోకి పోయాయి. వాడు ఆ కన్నీళ్లు చూశాడు. తనకి కావాల్సినట్టు చూశాడు. సరేలే అన్నట్టు ఆమె చెయ్యి తట్టాడు. "చెప్పొద్దులే. ఇక అడగను."

నర్సు వచ్చింది. ఖాళీ సంచి విప్పి, సూది దగ్గర ఇంకేదో గొట్టం తగిలిస్తూ, "డాక్టరమ్మ రౌండ్సుకి వెళ్తోందక్కా, కనుక్కోమంది. ఏమనుకున్నావు? మాత్రలేగా?" అంది.

"తీసేయమను."

నర్సు చేతులు ఆగాయి. "తీసేయడమా? డాక్టరమ్మ ఇందాకేగా అంత చెప్పింది. మాత్రలతో పోయేదానికి..."

"మాత్రలు నాకు పడవమ్మా. తీసేయమను. రక్తం ఎప్పుడొస్తే అప్పుడే. ఇప్పుడే రాసుకో."

నర్సు కొడుకు వంక చూసింది, నువ్వైనా చెప్పవయ్యా అన్నట్టు. వాడు నేల చూశాడు, తల్లిని చూశాడు. వాడి నుదుటి మీద మూడు నెలలుగా ఉన్న ముడి విడిపోయింది. "అమ్మ అదే మంచిదనుకుంటోంది కదా సిస్టర్" అన్నాడు. ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అన్నాడు.

నర్సు ఆపరేషనుకి ఒప్పుకున్నట్టు రాసే కాగితం తెచ్చింది, అట్టకి పెట్టి, కలం ఇచ్చింది. సూది ఉన్న చెయ్యి కదపకూడదు, ఒక్క చేత్తో సంతకం చేయబోతే అట్ట పొట్ట మీంచి జారిపోతోంది. కొడుకు లేచి ముందుకి వంగి, అట్ట కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది.